వేడెక్కితే ఆగిపోతున్న వ్యాను: పంపు మార్చాలా, అమ్మేయాలా?

ప్రశ్న: పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన లేఖకు ఇది సారాంశం. ఆమె, ఆమె తమ్ముడు కలిసి సరుకు రవాణా కోసం తొమ్మిదేళ్ల నాటి డీజిల్ వ్యాను ఒకటి కొన్నారు. పెట్టుబడిలో ఎక్కువ భాగం ఆమె దాచుకున్న డబ్బు. బండి నడిపేది తమ్ముడు. అమ్మినవాడు ఆమె భర్తకు చిన్ననాటి స్నేహితుడు. కొన్న రెండో వారం నుంచే ఇబ్బంది మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి తాళం తిప్పగానే అందుకుంటుంది. ముప్పావుగంటో గంటో నడిచాక ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గాని ఇంజిన్ అందుకోదు. ముప్పావుగంట సేపు పక్కన నిలిపి ఉంచితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. ఒక వానరోజున మాత్రం మూడు గంటలు ఎక్కడా ఆగకుండా నడిచింది. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు రెండుసార్లు ఆగేముందు లాగలేక నీరసించిందని కూడా ఆమె రాశారు.

ఇప్పటికి ముగ్గురు మెకానిక్‌లు చూశారు. మొదటి ఆయన డీజిల్ ఫిల్టరు, హీటర్ ప్లగ్గులు మార్చారు. రెండో ఆయన బ్యాటరీని, ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ను మార్చారు. మూడో ఆయన డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో తోసే హైప్రెషర్ పంపు పోయిందని, దానితోపాటు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లూ మార్చాలని అంటున్నారు; ఆ ఖర్చు బండి విలువలో పెద్ద భాగమే అవుతుంది. తమ్ముడేమో పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా చూపించి, విషయం చెప్పకుండా ఎవరికైనా అమ్మేద్దామంటున్నాడు. స్నేహితుడి మాట ఎత్తితే భర్త నొచ్చుకుని లేచి వెళ్లిపోతున్నారు. ‘పంపు మార్చమని చెప్పాలా, తమ్ముడి మాట వినాలా, స్నేహితుడిని నిలదీయాలా? ఏది చేసినా ఎవరో ఒకరు దూరమయ్యేట్టున్నారు’ అన్నది ఆమె బాధ.

సమాధానం: మీరు అడిగిన మూడింటిలో ఏ ఒక్కదానికీ ఇవాళ జవాబు చెప్పలేము. ఎందుకంటే ఆ మూడూ ఇంకా ఎవరూ తేల్చని ఒక విషయం మీద ఆధారపడి ఉన్నాయి. బండికి అసలు ఏమైందన్నది ఇంతవరకూ ఎవరూ నిర్ధారించలేదు. మీ లేఖను రెండుసార్లు చదివాక నాకు స్పష్టంగా కనిపించింది ఏమిటంటే, ముగ్గురు మెకానిక్‌లూ బండిని చల్లారిన తరువాతే చూశారు. ఆగిపోయిన చోటి నుంచి మళ్లీ స్టార్ట్ చేసుకుని షెడ్డుకు తీసుకువెళ్లేసరికి లోపం మాయమవుతోంది. నడుస్తున్న బండిని చూసి ఎందుకు ఆగిందో చెప్పమంటే ఎంత అనుభవజ్ఞుడైనా ఊహించడం తప్ప చేయగలిగింది లేదు. మీరు ఇప్పటిదాకా డబ్బు పెట్టింది ఆ ఊహల మీద. సాక్ష్యం ఉండేది బండి ఆగిన తరువాతి మొదటి పది, పదిహేను నిమిషాల్లో మాత్రమే.

దానికంటే ముందు, మీ తమ్ముడి క్షేమానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే బ్రేకుకు ఇంజిన్ నుంచి అందే సాయం ఒకటి రెండుసార్లు నొక్కడంతోనే అయిపోతుంది, ఆ తరువాత పెడల్ బండరాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు కూడా బరువెక్కుతుంది. నిండు లోడుతో దిగుడులో ఉన్నప్పుడు ఇది జరిగితే పరిస్థితి చేయి దాటిపోతుంది. కారణం తేలేవరకు రాత్రి ప్రయాణాలు, ఘాట్ రోడ్లు, నిండు లోడ్లు మానేయమని అతనికి గట్టిగా చెప్పండి. ఆగగానే పెడల్‌ను పదేపదే నొక్కకుండా, ఒక్కసారే నిలకడగా నొక్కి పట్టి పక్కకు తీయాలని కూడా చెప్పండి.

ఇక బండి సంగతికి వద్దాం. మీరు గమనించి రాసిన వివరాలే కొన్ని అనుమానాలను తోసిపుచ్చుతున్నాయి. డీజిల్ ఇంజిన్లో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వేడి చాలకపోవచ్చు గనుక హీటర్ ప్లగ్గులు సాయపడతాయి. గంట నడిచి కాగి ఉన్న ఇంజిన్‌కు వాటితో పనే లేదు. అవి మార్చడం వల్ల మీ ఇబ్బంది తీరకపోవడంలో వింత లేదు. ఇంజిన్ అరిగిపోయి కంప్రెషన్ తగ్గినా ముందుగా బాధపెట్టేది చల్లటి ఉదయాలే, కాబట్టి ఎవరైనా ఇంజిన్ దించాలి, బోరు చేయాలి అంటే వెంటనే ఒప్పుకోకండి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందంటే బ్యాటరీ మీదా అనుమానం లేదు. పైగా బ్యాటరీ విప్పినప్పుడు కొన్ని బండ్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు దాచుకున్న లోపాల కోడ్‌లు చెరిగిపోతాయి, అందువల్ల రెండో మెకానిక్ దగ్గర ఒక ఆధారం పోయి ఉండవచ్చు. టెంపరేచర్ ముల్లును మాత్రం పూర్తిగా నమ్మవద్దు. చాలా బండ్లలో అది కొన్ని డిగ్రీల తేడాలకు కదలకుండా మధ్యలో నిలిచేట్టు చేసి ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీరు, తగ్గి సెన్సారు దాన్ని తాకకపోయినా తప్పు చూపవచ్చు. ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది.

మీ లేఖలో నన్ను ఎక్కువసేపు ఆపింది ‘ఉన్నట్టుండి ఆగిపోతుంది’, ‘లాగలేక నీరసించింది’ అన్న రెండు మాటలు. ఇవి రెండూ ఒకే రకం ఆగడం కాదు. ఎవరో తాళం తిప్పి ఆపేసినట్టు, కుదుపు గాని పొగ గాని లేకుండా ఇంజిన్ ఆరిపోతే అది ఎక్కువగా కరెంటు వైపు లోపం. ముందు బలం తగ్గి, కుదుపులు వచ్చి, ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగితే అది డీజిల్ అందని లక్షణం. మీ తమ్ముణ్ని ప్రశాంతంగా కూర్చోబెట్టి ప్రతిసారీ ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోమనండి. ఎత్తు మీద జరిగిన రెండూ వేరే లోపమై ఉండవచ్చు, లేదా నిండు లోడుతో ఎత్తెక్కే ఏ పాత బండైనా కనబరిచే నీరసమే అయి ఉండవచ్చు. ఈ రెండింటినీ కలిపి ఒకే రోగమని నమ్మినందువల్లనే మూడో మెకానిక్ నేరుగా పంపు దాకా వెళ్లి ఉంటారని నా అనుమానం.

ఉన్నట్టుండి ఆరిపోవడమే నిజమైతే నేను మొదట చూడమనేది క్రాంక్ సెన్సారు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో, పిస్టన్ ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకు చెప్పేది అదే. ఆ సంకేతం అందకపోతే కంప్యూటరుకు ఇంజిన్ తిరుగుతున్నట్టే తెలియదు, అందుచేత నాజిళ్లను తెరవదు. సెన్సారు ఇంజిన్‌కు ఆనుకుని ఎప్పుడూ వేడిలోనే ఉంటుంది. రెండు తీగల రకంలో లోపల వెంట్రుకవంటి రాగి తీగ చుట్ట ఉంటుంది. ఆ తీగ ఒకచోట చిట్లితే చల్లగా ఉన్నప్పుడు అంచులు తాకుతూ పనిచేస్తుంది, వేడికి సాగినప్పుడు విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. మీ బండి ప్రవర్తన దీనికి ఎంత దగ్గరగా ఉందో మీకే తెలుస్తోంది. వానరోజున మూడు గంటలు నడవడానికి కూడా ఇందులో అర్థం దొరుకుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. ఆగిన వెంటనే సెల్ఫ్ తిప్పుతూ మీటరు బోర్డులో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ముల్లు చూడమనండి. అది సున్నా నుంచి కొంచెం కూడా లేవకపోతే అనుమానం బలపడుతుంది. కొన్ని బండ్లలో ముల్లు ఆ కొద్ది వేగానికి స్పందించదు గనుక, బండి కంప్యూటరులోని వివరాలు చదివే స్కానర్‌లో చూస్తే ఇంకా నయం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు దాదాపు 200 ఆర్‌పీఎం చూపాలి. తరువాత నీళ్లలో తడిపి పిండిన గుడ్డను సెన్సారు మీద రెండు మూడు నిమిషాలు ఉంచి మళ్లీ ప్రయత్నించాలి. ముప్పావుగంట ఆగవలసిన బండి ఐదు నిమిషాల్లో అందుకుంటే దోషి దాదాపు దొరికినట్టే. మల్టీమీటరుతో కొలిచేవారికి ఒక హెచ్చరిక చెప్పాలి. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరగడం సహజం, కాబట్టి 25 డిగ్రీల వద్ద 800 ఓమ్‌లు ఉన్న చుట్ట 100 డిగ్రీల వద్ద వెయ్యి దాటి చూపుతుంది. ఆ పెరుగుదల చూసి సెన్సారు పోయిందని పారేయకూడదు. అంకె ఎగిరెగిరి పడినా, మీటరు అసలేమీ చూపకపోయినా అప్పుడది లోపం. మూడు తీగల రకానికి మాత్రం ఈ కొలత పనికిరాదు, దానికి సంకేతమే చూడాలి. ఇదే వేడి రిలేలను (కరెంటును కలిపి విడదీసే స్విచ్‌లను), ఎర్త్ తీగను, సైలెన్సర్ పక్కగా పోయి పెళుసెక్కిన వైరింగును కూడా ఇలాగే పాడుచేస్తుంది, అందువల్ల సెన్సారు కొత్తది వేసే ముందు దాని ప్లగ్గును, తీగలను కదిపి చూడమనండి.

డీజిల్ అందకపోవడమే కారణమైతే ఇంకో చిక్కు విప్పాలి. అది నిజంగా వేడి వల్ల ఆగుతోందా, లేక ఎక్కువసేపు నడిచినందువల్లా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ట్యాంకు అడుగున చెత్త ఉంటే నడుస్తున్నకొద్దీ అది పీల్చే గొట్టం జాలికి అంటుకుని దారి మూస్తుంది. ఇంజిన్ ఆగాక మెల్లగా రాలిపోతుంది. ట్యాంకు మూతలోని గాలిరంధ్రం పూడుకుపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే డీజిల్ తగ్గినకొద్దీ లోపలికి గాలి రాక ట్యాంకు బిగుసుకుంటుంది. ఆగగానే ట్యాంకు మూత తీయమనండి. గాలి బుస్సుమని లోపలికి పోయి, ఆ వెంటనే బండి అందుకుంటే పని తేలికైపోయినట్టే. చెత్త రాలిపోవడానికి సాధారణంగా కొద్ది నిమిషాలు చాలు, ప్రతిసారీ ముప్పావుగంట పట్టనక్కరలేదు, కాబట్టి మీ బండి విషయంలో వేడివైపే నా మొగ్గు. దాన్ని నిర్ధారించుకోవడానికి ఒక మార్గం ఉంది. తరువాతి సారి ఆగగానే బానెట్ తెరిచి ఉంచమనండి. ఇంజిన్ ఆగితే కూలెంట్ ప్రవాహం, ఫ్యాను గాలి కూడా ఆగుతాయి గనుక బానెట్ కింద వేడి కొంతసేపు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. తెరిచి ఉంచినప్పుడు ముప్పావుగంట కాస్తా ఇరవై నిమిషాలైతే, కారణం వేడేనని మీకు సాక్ష్యం దొరుకుతుంది.

ఇప్పుడు మూడో మెకానిక్ మాట. ఆయన తప్పని నేను అనడం లేదు. వేడికి డీజిల్ పలచబడుతుంది; అరిగిన పంపులో, అరిగిన నాజిళ్లలో పలచటి డీజిల్ సందుల గుండా, మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ గొట్టంలోకి జారిపోయి ఒత్తిడి నిలవదు. 1997లో కార్లలోకి వచ్చి, తరువాత వ్యాన్లకూ వ్యాపించిన కామన్ రైల్ పద్ధతిలో ఇంజిన్ అందుకోవాలంటే రైలులో, అంటే నాజిళ్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, సుమారు 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలమానం) ఒత్తిడి ఏర్పడాలి. తయారీని బట్టి ఇది కొంచెం అటూఇటూ ఉంటుంది. అంతకు చేరకపోతే సెల్ఫ్ ఎంతసేపు తిప్పినా లాభం లేదు. కాబట్టి ఆయన చెప్పింది నిజమో కాదో ఒక్క అంకె తేల్చేస్తుంది. బండి ఆగిన స్థితిలోనే, సెల్ఫ్ తిరుగుతుండగా స్కానర్‌లో రైలు ఒత్తిడి చూడాలి. ఆర్‌పీఎం సరిగా చూపుతూ ఒత్తిడి మాత్రం 60, 80 బార్ దగ్గర చతికిలబడితే ఆయన దారి సరైనదే. ఆర్‌పీఎం సున్నాగా ఉంటే పంపు మార్చినా ఆ బండి అలాగే ఆగుతుంది.

ఒత్తిడి తక్కువని తేలినా పంపు, నాజిళ్లు అన్నీ ఒకేసారి మార్చేయనక్కరలేదు. ముందు ఫిల్టరు దగ్గర పారదర్శకమైన గొట్టం ముక్క పెట్టి గాలి బుడగలు వస్తున్నాయేమో చూడాలి; ఈమధ్యే ఫిల్టరు మార్చారు కాబట్టి అక్కడి రింగు సరిగా కూర్చోక ఎయిర్ పట్టి ఉండవచ్చు. తరువాత నాలుగు నాజిళ్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు తగిలించి, వేడి ఇంజిన్‌ను నడిపి, దేనిలో ఎంత చేరిందో పోల్చాలి. ఒక సీసా మిగిలినవాటికి రెండింతలు, మూడింతలు నిండితే ఆ నాజిలే దోషి. అప్పుడు ముందుగా పంపును అనుమానించనక్కరలేదు. నాలుగూ సమానంగా, తక్కువగా ఉండి కూడా ఒత్తిడి రాకపోతే అప్పుడు పంపును, దాని మీది వాల్వును అనుమానించాలి. ఈ పరీక్ష చేసి ఫలితం చూపించమని ఆ మెకానిక్‌ను అడగండి. మంచి పనివాడు దానికి కోపగించుకోడు, కోపగించుకుంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. అయితే ఈ పనికి మీ తమ్ముడు స్వయంగా చేయి పెట్టకూడదు. నడుస్తున్న ఇంజిన్లో రైలు ఒత్తిడి వెయ్యి బార్ దాటగలదు. సూదిబెజ్జమంత సందులోంచి చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అది పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం. కారుతున్న చోటును ఎన్నడూ వేలితో తడమవద్దు.

మరి ఈ పరీక్షలు ఆగిన చోట ఎవరు చేస్తారని మీరు అడగవచ్చు. దీనికి రెండు దారులున్నాయి. ఫోనుకు కలిపి చూసుకునే చిన్న స్కానర్ ఒకటి సంపాదించి బండిలోనే ఉంచితే, మీ తమ్ముడే ఆగిన చోట ఆర్‌పీఎం, రైలు ఒత్తిడి, కూలెంట్ వేడి చూసి తెరను ఫోటో తీసుకోగలడు. పీ0335 కోడ్ కనిపిస్తే క్రాంక్ సెన్సారు వైపు, పీ0087 కనిపిస్తే రైలు ఒత్తిడి వైపు వెతకాలి. కొన్ని చౌక పరికరాలు కొన్ని బండ్లలో రైలు ఒత్తిడి చూపవు, కొనేముందు మీ బండికి తగిలించి చూడండి. రెండో దారి, బండిని మెకానిక్ దగ్గర రోజంతా వదిలి, పెద్ద స్కానర్ తగిలించి, అది ఆగేదాకా ఆయననే నడపమనడం. దీనికి ఒక రోజు సంపాదన పోతుంది, ఆయన సమయానికి కూలీ ఇవ్వాలి. అయినా మీరు ఇప్పటిదాకా మార్చిన వస్తువుల ఖర్చుతో పోలిస్తే అది తక్కువే అయి ఉంటుంది.

కారణం తేలాక మీ ముందు నిలిచే దారులు ఇవాళ కనిపిస్తున్నవాటికంటే చాలా వేరుగా ఉంటాయి. సెన్సారో తీగో అయితే మీకు నిర్ణయమే అక్కరలేదు, బాగుచేసుకుని నడుపుకోండి. ఒక నాజిల్ అయితే ఆలోచించవలసింది మిగతా మూడూ ఎంతకాలం నిలుస్తాయన్నది. సీసాల్లో కొలిచిన అంకెలే దానికి సమాధానం చెబుతాయి. పంపే పోయి, దాని లోహపు పొడి గొట్టాల్లోకి పాకి ఉంటే ఖర్చు నిజంగా పెద్దదే. అప్పుడు బాగుచేయించడమా, ఉన్న స్థితిలో అమ్మడమా అని లెక్క వేసుకోవడం న్యాయం. అమ్మదలిస్తే పరీక్ష ఫలితం చూపించి అమ్మండి. ధర తగ్గుతుంది. కానీ కారణం తెలియని ‘ఆగిపోయే బండి’కి ఎవరూ ధర ఇవ్వరు, ‘ఈ వస్తువు మార్చాలి’ అని తెలిసిన బండికి మెకానిక్‌లే ముందుకొస్తారు. మీ తమ్ముడి ఆలోచన వైపు మాత్రం వెళ్లకండి. అతను నష్టం భయంతో ఆ మాట అన్నాడు, దుర్మార్గంతో కాదు; నాకు అది అర్థమవుతుంది. కానీ బ్రేకు గట్టిపడే క్షణం ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించినవాడు, దాన్ని తెలియని మరొక కుటుంబానికి అప్పగించడం ఎంత పెద్ద తప్పో అతనికే విడమరిచి చెప్పండి. అతను కాదనలేడు.

మీ వారి స్నేహితుడి విషయం నేను చివరికి అట్టేపెట్టాను, కానీ దాన్ని బండి బాగయ్యేదాకా వాయిదా వేయమని కాదు. అతనికి ముందే తెలుసా లేదా అన్నది మీకు ఇప్పుడు తెలియదు. అతను రోజూ కొద్ది దూరాలే తిప్పి ఉంటే బండి అంత వేడెక్కే అవకాశమే వచ్చి ఉండదు, నిజంగా తెలియకపోవచ్చు. నిలదీస్తే అతను తెలియదనే అంటాడు, అక్కడితో మాట ముగుస్తుంది. మీ వారిని మధ్యవర్తిగా కాక సాయానికి పిలవండి. ‘మీ స్నేహితుణ్ని తప్పుపట్టడానికి కాదు, బండి చరిత్ర తెలిస్తే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది, ఒక్కసారి మీరే అడిగి చెప్పండి’ అనండి. రోజుకు ఎంత దూరం నడిపేవాడు, ఏమేమి మార్పించాడు, ఎప్పుడైనా దారిలో ఆగిందా, ఏ మెకానిక్ చూసేవారు అన్నవి అడిగితే చాలు. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు బండికి పనికొస్తాయి. వాటిలో తడబాటు ఉంటే మీ వారు తమ చెవులతో తామే వింటారు, మీరు చెప్పనక్కరలేదు. క్రాంక్ సెన్సారు ఈమధ్యే రెండుసార్లు మార్చినట్టో, పంపు విప్పి బిగించినట్టో బయటపడితే, ఖర్చులో కొంత భరించమని అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. ఆ మాట స్నేహితుడితో మీ వారు మాట్లాడటమే మేలు. అతను ఒప్పుకోకపోతే ఆ స్నేహం కొంత దెబ్బతింటుంది, దాన్ని మీరు ఆపలేరు. కానీ ఆధారం లేకుండా ఇవాళే నిందిస్తే, అతను నిర్దోషి అయినప్పుడు కూడా అది దెబ్బతింటుంది, అప్పుడు ఆ భారం మీ మీద పడుతుంది.

ఏది మార్చినా, మార్చిన రోజున చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చూపితే బాగైందని ఒప్పుకోకండి. అలా అది మొదటి నుంచీ స్టార్ట్ అవుతూనే ఉంది. బానెట్ మూసి, అదే ఎండవేళ, మొదట ఖాళీగా, తరువాత సగం లోడుతో రెండు గంటలు నడిపించండి. తరువాత ఇంజిన్ ఆపి, పావుగంట ఆగి మళ్లీ తాళం తిప్పమనండి. బానెట్ కింద వేడి ఎక్కువగా ఉండేది ఆ పావుగంట దగ్గరే. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు అప్పుడు కూడా వెంటనే అందుకుంటే, మెకానిక్‌కు మిగిలిన డబ్బు ఇచ్చేయవచ్చు, మీ తమ్ముడు నిండు లోడుతో బయలుదేరవచ్చు.